కడలివేటకు కాలనియమము

మృగశిర కార్తె ప్రవేశించిననాడు, అనగా జూన్ 7వ తేదీననో 8వ తేదీననో, మన తెలంగాణపు పల్లెలలో చేపలకూర వండని మాంసాహారుల యిల్లు అరుదు. దీనినే మనవారు మిరుగు అందురు. రోహిణి యెండలకు నెఱ్ఱెలు విచ్చిన నేలపై తొలిచినుకులు పడు వేళ వాతావరణము ఒక్కసారిగా మారును గనుక దేహమునకు వేడి పుట్టింపవలెనని పెద్దల నమ్మకము. చేప తిననివారు బెల్లములో ఇంగువ కలిపి ఉండ చేసికొని మ్రింగుదురు. ఆనాడు వికారాబాదు బజారులోను, తాండూరు అంగడిలోను తెల్లవారకముందే బేరము మొదలగును. కొర్రమట్టకు చెప్పినదే ధర. రవ్వ, బొచ్చెల గంపలు ప్రొద్దెక్కకముందే ఖాళీ యగును. మా నాయనమ్మ బ్రతికియున్న రోజులలో, మంచి చేప దొరకని యేట పిడికెడు ఎండురొయ్యలనైనను చింతచిగురుతో వండి, “మిరుగు నాడు నీసు ముక్క నోట్లె పడాలె బిడ్డా” అని మా చేత తినిపించెడిది.

ఆ పిడికెడు రొయ్యలు మాత్రమే సముద్రమునుండి వచ్చినవి. తక్కిన చేప యంతయు చెరువు సొత్తు. వేసవిలో నీరు అడుగంటినపుడు పట్టిన చేప మిరుగునాటి బజారునకు వచ్చును. ఇందులో ఒక చిత్రము కలదు. తెలంగాణమంతయు చేపకై వెదకుకొను ఆ దినమున తూర్పు సముద్రము మూతపడి యుండును. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు తూర్పు తీరమందంతటను యంత్రపు పడవలు, మోటారు పడవలు వేటకు పోరాదు. పంచాంగము చూచుకొన్నచో అశ్విని కార్తె మొదలు మృగశిర తొలివారము వరకు అన్నమాట. 2015 సంవత్సరమునకు పూర్వము ఈ నియమము మే నెలాఖరుతో ముగిసెడిది. కాబట్టి మిరుగునాటికి కడలి తెరచియుండెడిది. 2015 నుండి వారము రోజుల తేడాతో మన పండుగ మూత లోపల పడిపోయినది.

సముద్రమునకు మూత వేసినది ఎవరు? ఇది నిన్న మొన్న ప్రభుత్వము కల్పించిన నియమమా, పూర్వులకు తెలిసినదియేనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకబోయినచో మన తీరపు చరిత్ర యంతయు కొంత కొంత బయటపడును.

గట్టునేలమీద నుండు మనకు సముద్రముతో ఏమి పని యని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. వికారాబాదు ప్రక్క అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. అది హైదరాబాదు నడుమగా ప్రవహించి వాడపల్లికడ కృష్ణలో కలియును. తాండూరు ప్రక్కనుండి పోవు కాగ్నా నది కర్ణాటకమున భీమలో కలియును. భీమ కృష్ణలో కలియును. దారిలో ఆనకట్టలు ఆపుకొనకున్నచో అనంతగిరిమీద పడిన చినుకును, తాండూరు నాపరాళ్ల గనులపై పడిన చినుకును కడపట దివిసీమలో హంసలదీవికడ ఒకే సముద్రమున చేరవలసినవి. వరదనీరు మోసికొనిపోవు ఒండ్రును, ఎరువును తిని నదీముఖములలో రొయ్యపిల్లయు చేపపిల్లయు పెరుగును. ఆ లెక్కన మన పొలముల మట్టిలో కొంత ఆ యెండురొయ్యలలో తిరిగి మన యింటికి వచ్చినదని చెప్పినను అబద్ధము కాదు.

రాజకీయముగా కూడ ఈ నేల ఆ నీటికి దూరమైనది కొలదికాలమే. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణము వారి ప్రధాన రేవు. ఇంగ్లీషు కంపెనీవారి ‘గ్లోబ్’ అను ఓడ 1611లో అక్కడికే వచ్చినది. 1766 ఒడంబడికతో నిజాము ఉత్తర సర్కారులను కంపెనీకి వదలుకొన్న పిమ్మట మన ప్రాంతమునకు తీరము లేకపోయినది. 1956 నుండి 2014 వరకు ఆంధ్రప్రదేశముగా కలిసియున్న యేబది యెనిమిదేండ్లు మరల తీరము మనదైనది. ఇప్పుడు లేదు. ఐనను సముద్రము మనలను విడిచిపెట్టినట్లు లేదు. 2024 అక్టోబరు 15న వికారాబాదు జిల్లా దామగుండము అడవిలో నౌకాదళమువారి రేడియో కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. నీటి అడుగున తిరుగు జలాంతర్గాములతో మాటలాడుటకు గట్టుమీది అడవి కావలసి వచ్చినది!

గట్టునేల రాజు సముద్రముమీది తుఫానును గూర్చి ఆలోచించిన సందర్భము ఇంకొకటి చెప్పవలెను. ఓరుగల్లు నేలిన కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించినాడు. గాలివానకు దారితప్పి వేరొక రేవునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొమ్మును పూర్వరాజులు బలాత్కారముగా లాగుకొనెడివారట. ప్రాణముకంటె ధనమే ఎక్కువ యని కడలిదాటు వర్తకులమీద దయ తలచి, న్యాయమైన సుంకము మాత్రమే గైకొని తక్కినది విడిచితినని అతడు చెప్పుకొన్నాడు. అది వర్తకుల కొరకు వేసినది. జాలరి ప్రసక్తి అందులో లేదు. జాలరి పోగొట్టుకొనుటకు ఓడనిండ సరకు లేదు గదా. అతనికి ఉన్నది తెప్ప, వల, ప్రాణము.

తెప్ప సంగతి కొంత వివరింపవలెను. ఈ మూతకు మొదటి తాళము దానిలోనే యున్నది. తేలికయైన కొయ్యదుంగలు నాలుగైదు తీసి, ముందుభాగము కొంచెము పైకి వంపు తిరుగునట్లు చెక్కి, త్రాళ్లతో ప్రక్కప్రక్కన బిగించి కట్టినదే కఱ్ఱతెప్ప. దానికి గట్టు లేదు, అడుగు లేదు; కెరటము మీదినుండి వచ్చి దుంగల సందులలోనుండి పోవును. అందుచేత అది మునుగదు. ఐతే దానిమీది మనిషి మోకాళ్ల వరకు నీటిలోనే యుండవలెను. ఒడ్డు చేరిన తరువాత కట్లు విప్పి దుంగలను ఇసుకపై ఆరవేయుదురు. తడిసిన కొయ్య మరునాటికి బరువెక్కును. ఇక పెద్దవలలకును, ఓడలనుండి సరకు దింపుటకును వాడిన పడవ వేరు. దాని పలకలను ఇనుపమేకులతో బిగింపరు. కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. మన తీరమునకు సహజమైన ఓడరేవులు తక్కువ. ఎచట చూచినను ఇసుకయొడ్డు, దానిపై విరిగిపడు కెరటముల వరుస. మేకులు కొట్టిన బిగువైన పడవ ఆ దెబ్బకు బ్రద్దలగును, కుట్టుపడవ వంగి మరల నిలుచును. యూరపునుండి వచ్చిన వర్తకులందరును తమ పెద్ద ఓడలను దూరమున లంగరు వేసి, ఈ కుట్టుపడవలలో ఒడ్డునకు వచ్చినవారే. మసూలా పడవ యని వారి గ్రంథములలో పేరు పడినది దీనికే.

ఇట్టి తెప్పతో, ఇట్టి పడవతో ఎప్పుడు పడిన అప్పుడు కడలిలోనికి పోవుటకు వీలు లేదు. వాడబలిజలు, జాలరులు, పల్లెవారు, పట్టపువారు తరతరములుగా కాచి చూచినది మొట్టమొదట గాలిని. రాత్రి జాములలో నేలమీదినుండి సముద్రముమీదికి గాలి వీచును. దానితో తెరచాప యెత్తి చీకటితోనే పోవుదురు. మధ్యాహ్నమునకు గాలి తిరిగి కడలినుండి నేలకు వీచును. దానితో ఇల్లు చేరుదురు. ఇది దినచర్య. సంవత్సరమునకు వేరొక చర్య కలదు. మాఘ ఫాల్గుణములనుండి తీరపు నీరు ఉత్తరమునకు పారుచు, వానకారు ముగిసి శీతగాలి మొదలగు నాటికి తిరిగి దక్షిణమునకు పారును. ఆ నీటివాలు మారుటతో చేపల గుంపులును మారును. లోతును బారలలో కొలుతురు. మేత దొరకు చోటును గుర్తుంచుకొనుటకు ఒడ్డుమీది కొండలే వారికి ఆనవాళ్లు. విశాఖపట్నపు జాలరి, యారాడకొండ ఏ కొండతో వరుస కలిసినది, ఎంత క్రుంగినది చూచి, తానున్న చోటు చెప్పగలడు. కొండలు లేని గోదావరి, కృష్ణా ముఖములలో దీపస్తంభములు, తాటితోపులు, నీటి రంగు, అడుగున తగులు బురద.

శాస్త్రజ్ఞులు దీనిని చాల ఆలస్యముగా తెలిసికొనిరి. 1950 దశకములో అమెరికానుండి వచ్చిన యూజీన్ లాఫాండ్ అను సముద్రశాస్త్రవేత్త వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో విద్యార్థులతో కలిసి తీరపు నీటిని పరీక్షించినాడు. వసంతకాలమున తీరము వెంబడి వీచు నైరృతి గాలికి పైనీరు కడలివైపు త్రోయబడగా, అడుగునుండి చల్లని, సారవంతమైన నీరు పైకి వచ్చునని అందువలన తేలినది. చేపకు మేత పెరుగుటకు కారణమిదియే. గాలి ఎటు తిరిగినచో వల ఎక్కడ వేయవలెనో ఆ కారణము తెలియకయే జాలరి యెరుగును.

చేపల పేర్ల విషయములోను ఇట్లే జరిగినది. స్కాట్లాండు దేశీయుడైన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1782లో విశాఖపట్నమునకు వచ్చి, 1785లో కర్ణాటక ప్రాంతమునకు కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడైనాడు. పాములను గూర్చి వ్రాసి పేరుపొందిన వాడు ఈతడే. మన రక్తపింజరికి ఇంగ్లీషులో ఈతని పేరే పెట్టినారు. విశాఖ రేవున దిగిన చేపలను ఏరి, బొమ్మలు గీయించి, రెండువందల చేపలను వర్ణించుచు ఆయన 1803లో రెండు సంపుటములు లండనులో ప్రకటించినాడు. ప్రతి చేపను గూర్చి స్థానికులను అడిగి, వారు చెప్పిన తెలుగు పేరే అచ్చు వేయించినాడు. నల్ల చందువ, తెల్ల చందువ అందులో ఉన్నవి. నేడు కానాగంతలని బజారులో అమ్ము చేప ఆ గ్రంథములో కనగుర్త. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే ఆ తెలుగు మాటనే ఆ చేప శాస్త్రనామములో నిలిపినాడు. ఎర్రసముద్రము మొదలు పసిఫిక్ దీవులవరకు దొరకు ఆ చేపను ప్రపంచమందలి శాస్త్రజ్ఞులందరు నేటికిని విశాఖ జాలరి నోటిమాటతోనే పిలుచుచున్నారు. ఆ మాట చెప్పిన జాలరి యెవరో గ్రంథకర్త వ్రాయలేదు.

తీరమున చూడదగినది పెద్దవల లాగుట. దక్షిణ జిల్లాలలో అలివివల యందురు. శీతగాలి తగ్గి సముద్రము నెమ్మదించిన పుష్యమాసమునుండి వేసవి వరకు దీనికి అనువైన కాలము. పడవ ఒకటి వలత్రాటి కొనను ఒడ్డుననే వదలి, అర్ధచంద్రాకారముగా తిరిగి వల జార్చుచు దూరముగా ఒడ్డు చేరును. ఇక రెండు కొనలను ఇరువైపుల ముప్పది నలుబదిమంది పట్టి లాగుదురు. ముసలివారు, పిల్లలు కూడ త్రాడు పట్టినవారే. త్రాడు పట్టినవానికి పాలు ఉన్నది. వల ఒడ్డున పడిన తరువాత పని స్త్రీలది. వేలము పాడుట, గంపలకెత్తుట, ఊళ్లవెంట తిరిగి అమ్ముట, మిగిలినది ఉప్పు పెట్టి ఎండవేయుట వారి సామ్రాజ్యము. వేటకు పోయినవాడు తెచ్చిన చేపకు విలువ కట్టుట తెలిసినది ఇంటి ఆడుదానికే యని రేవులందు ఎవరిని అడిగినను చెప్పుదురు.

ఉప్పు అంటిని. మన గట్టుప్రాంతపు సంతలకు సముద్రము చేరినది ఉప్పు వలననే. పచ్చిచేప ఎండలో పూటకు మించి నిలువదు. ఐసు లేని కాలమున రేవునకు ఒక దినపు నడక దాటి అది పోజాలదు. ఎండుచేప యట్లు కాదు. ఐతే కంపెనీవారును, తరువాత దొరతనమువారును ఉప్పుపై వేసిన పన్ను మూలమున చేపకంటె ఉప్పు ప్రియమైన రోజులు వచ్చినవి. బీద జాలరులు ఉప్పునేల మట్టితో చేపలను రుద్ది ఎండవేసికొనెడివారు. అది తిన్నవారు జబ్బుపడెడివారు. సైన్యవైద్యుడైన ఫ్రాన్సిస్ డే 1873లో భారతదేశపు సముద్రమత్స్యములను గూర్చి సమర్పించిన నివేదికలో ఈ సంగతులు చర్చకు వచ్చినవి. పిమ్మట చెన్నరాజధాని తీరమంతటను చేపల యెండబెట్టు దొడ్లు వెలసి, అచట పన్ను లేని ఉప్పు ఇయ్యసాగిరి. 1907లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యమున మద్రాసు మత్స్యశాఖ యేర్పడినది. సహకార సంఘములకు మూలపురుషుడని పేరొందిన నికల్సనే ఈతడు.

ఇటువైపు మనకు 1874లోనే సికిందరాబాదునుండి వాడికి రైలుదారి పడినది. వికారాబాదును, తాండూరును దానిపై స్టేషనులే. 1889 నాటికి బెజవాడవైపు దారి కూడ కలిసినది. అంతకుముందు ఎద్దుపెరికలపై వచ్చు ఉప్పుకును, ఉప్పుచేపకును అటుపిమ్మట ఇనుపదారి దొరకినది. సంతలో ఎండుచేపల గోతాము విప్పినచో ఆ వాసనకు ముక్కు మూసికొను వారు కొందరు, దారి వెదకుకొను వారు కొందరు. మా నాయనమ్మ రెండవ తెగలోనిది.

ఉప్పుతో పనిలేకయే నేలమీదికి వచ్చు సముద్రపు చేప ఒకటి యున్నది. దానిని ఇక్కడ రెండు మాటలలో చెప్పి ముందుకు పోయెదను. కడలిలో విలసగా తిరిగి, శ్రావణ భాద్రపదముల ఎర్రనీటికి ఎదురీది గోదావరిలో గ్రుడ్లు పెట్టుటకు వచ్చునదే పులస. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన నాటినుండి దాని యాత్ర అక్కడ ఆగినది. రైతునకు నీరు నిలిపిన కట్టయే చేపకు అడ్డుకట్ట యైనది.

ఇంతవరకు చెప్పిన కాలములో సముద్రమునకు రెండు మూతలు ఉండెడివని గమనింపవలెను. రెంటిని వేసినది ప్రకృతియే. నైరృతి గాలికి కెరటము పెరిగి తెప్ప ఒడ్డు దాటలేని వానకారు రోజులు మొదటివి. అప్పుడు చేప బ్రతికిపోవును. ఆశ్వయుజ కార్తికములలో గాలివానలకు భయపడి పడవ దింపని రోజులు రెండవవి. అప్పుడు మనిషి బ్రతికిపోవును. పెద్ద ఓడలవారును అక్టోబరు నడుమనుండి డిసెంబరు నడుమవరకు కోరమాండలు తీరమున లంగరు వేయ జంకెడివారు. కొయ్యదుంగలు, కొబ్బరిత్రాళ్లు, నూలును జనుమును పేనిన వలలు ఎంతకాలము ఆగగలవో అంతకాలమే వేట. పనిముట్టు బలహీనతయే నియమము.

1950, 1960 దశకములలో ఈ రెండు తాళములును విడిపోయినవి. నైలాను వలలు వచ్చినవి. అవి కుళ్లవు, చెట్టు బెరడు కషాయములో నానవేయ పనిలేదు. యంత్రపు పడవలు వచ్చినవి. వానికి గాలితో పనిలేదు. రొయ్యకు విదేశములలో గిరాకి పుట్టినది. కాకినాడ, విశాఖపట్నము రేవులలో ఐసు కర్మాగారములు లేచినవి. 1976లో విశాఖపట్నమున చేపలరేవు తెరచిన తరువాత అడుగు ఊడ్చు వలల పడవలు వందలకొలది పెరిగినవి. అభివృద్ధి కాదని అనుటకు నాకు నోరు రాదు; చదువుకొనని జాలరి కొడుకు బోటు డ్రైవరై పెంకుటిల్లు కట్టినది ఆ రోజులలోనే. కాని అడుగు ఊడ్చువలకు పెద్ద చేప, చిన్న చేప, గ్రుడ్లతో నిండిన చేప అను భేదము లేదు. ఒడ్డుదాపున తెప్పవాడు వేసికొన్న వలను రాత్రివేళ యంత్రపు పడవ కోసికొనిపోవుట, తెప్పవారు ఏకమై పడవలను అటకాయించుట తీరమందంతటను తగవులైనవి.

ఆ తగవుల తరువాత వచ్చినది 1994 నాటి ఆంధ్రప్రదేశ సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టము. ఒడ్డునుండి 8 కిలోమీటర్ల లోపలి నీరు సంప్రదాయపు తెప్పలదియు పడవలదియు. యంత్రపు పడవ దానికి వెలుపల వేటాడవలెను. పిదప గ్రుడ్లుపెట్టు కాలమున సంవత్సరమునకొక పర్యాయము వేట మానవలెనని నియమము వచ్చి, 2015 నుండి 61 దినములకు పెరిగినది. పడమటి తీరమున నైరృతి ఋతుపవనము ముందు తగులును గనుక అక్కడ అది జూన్ 1 నుండి జూలై 31 వరకు. తెడ్డుతోను తెరచాపతోను పోవు తెప్పకు ఈ నిషేధము లేదు. ఉండవలసిన పని లేదని చట్టము వ్రాసినవారికిని తెలియును. దాని నిషేధము దానిలోనే యున్నది. విచారమేమనగా, నేడు తెడ్డుతో మాత్రమే పోవు తెప్ప ఎన్ని రేవులలో కనబడును? కఱ్ఱదుంగల తెప్ప స్థానమున ఫైబరు తెప్పలు, వాని వెనుక మోటార్లు వచ్చినవి. మోటారు ఉన్నవాడు మూతలోనికి వచ్చినట్లే. ఆ రెండు నెలలు పొయ్యి మండుటకు ప్రభుత్వము భృతి యిచ్చుచున్నది. 2019 నుండి కుటుంబమునకు పదివేలు, 2025లో దానిని ఇరువదివేలు చేసిరి. పడవమీద కూలికి పోవువారి పేర్లు జాబితాలో చేరుట, చేరకపోవుట ప్రతి వేసవియు రేవులలో వినవచ్చు మాటయే.

చేపను కాపాడు మూతను ఈ విధముగా చట్టము తిరిగి వేసినది. మనిషిని కాపాడెడి రెండవ మూత సంగతి యేమి?

తేదీలు చూడుడు. 1864 నవంబరు 1న మచిలీపట్టణమును ఉప్పెన ముంచినది, ముప్పదివేలమంది పోయిరందురు. 1977 నవంబరు 19న దివిసీమపై సముద్రము లేచినది. పదివేలకు పైగా ప్రాణములు. 1996 నవంబరు 6న కాకినాడ దక్షిణమున గాలివాన తీరము దాటినది. వేయిమందికి పైగా చనిపోగా, భైరవపాలెము వంటి పల్లెలలో కడలిమీదనున్న జాలరులు అనేకులు తిరిగి రాలేదు. మూడును నవంబరే. పూర్వులు పడవ ఒడ్డెక్కించి కూర్చుండిన నెలయే. రొయ్య బాగుగ పడుచు, ధర పలుకుచు, ఇంజను ఉన్న రోజులలో ఆ నెలలో ఇల్లు కదలకుండుటకు ఎవరు ఒప్పుకొందురు? చట్టము ఆ నెలను మూయలేదు. మూయుటకు వీలును లేదు. గాలివాన ఏ రోజున వచ్చునో ముందుగా చెప్పగలిగినచో ఆ రోజు మాత్రమే మూయవచ్చును.

ఆ చెప్పు పని రేడియోకు వచ్చినది. తుఫాను హెచ్చరికలు మన దేశమున 1865లో కలకత్తా రేవుతో మొదలైనవి. రేవులలో స్తంభముపై పగలు గుర్తులు, రాత్రి దీపములు కట్టి ఒకటవ నంబరు మొదలు పదునొకటవ నంబరు వరకు ప్రమాదసూచన లిచ్చు పద్ధతి నేటికిని కలదు. ఐతే ఆ స్తంభము రేవులోనున్న ఓడకు కనబడును గాని ఇరువది మైళ్ల దూరమున వల వేసికొన్న జాలరికి కనబడదు. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రము, 1963 ఆగస్టులో విశాఖపట్నపు కేంద్రము తెరచిన తరువాత, చేతిలో పట్టు ట్రాన్సిస్టరు పడవలోనికి ఎక్కిన తరువాత, గాలివాన కబురు గాలిమీదనే కడలికి చేరసాగినది. ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అను వాక్యమును గట్టుమీది మన యిండ్లలో వార్తలనడుమ ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. విని యేమనుకొనకయే కూర చల్లారునని కంచము ముందు కూర్చున్నాము. ఆ వాక్యము విన్నవాడు ఇంటికి తిరిగెను. బ్యాటరీ అయిపోయినవాడు తిరుగలేదు. తీరపు పల్లెలలో ఇది అలంకారముగా చెప్పుమాట కాదు.

నేడు ఆ పనికి మనకు సమీపముననే యొక సంస్థ యున్నది. 1999లో హైదరాబాదున నెలకొన్న జాతీయ సముద్ర సమాచార కేంద్రము ఉపగ్రహములు పంపు ఉష్ణోగ్రతలను, నీటిరంగును పరిశీలించి, చేపలు ఎచట చేరియుండునో తీరమునకు కబురు చేయుచున్నది. సముద్రమునకు మూడువందల కిలోమీటర్ల యిటువైపు కూర్చుండి చేపల జాడ చెప్పుట! అయితే వేట నిషేధపు దినములలోను, సముద్రము కల్లోలముగా ఉన్న దినములలోను ఆ కేంద్రము చేపల జాడ చెప్పదు. పాతకాలపు రెండు మూతలును అట్లు ఒక కాగితముమీద తిరిగి కలిసికొన్నవి.

నియమము ఎంత మంచిదైనను దాని భారము ఎవరిపై పడినదో చూడవలెను. శ్రీకాకుళము, విజయనగరము తీరమున రేవులు లేవు, ఉన్నది ఇసుకయొడ్డే. అందుచేత అక్కడి యువకులు ఏటా ఆగస్టుకు గుజరాతులోని వెరావలు రేవునకు పోయి, పరుల బోట్లపై ఎనిమిది నెలలు కూలి చేసి వేసవికి తిరిగి వచ్చుచున్నారు. తూర్పు కడలి ఋతువు ఎరిగినవారు పడమటి కడలి ఋతువునకు కూలీలైనారు. 2018 నవంబరులో వారి పడవలు కొన్ని పాకిస్తాను జలములలో ప్రవేశించినవని పట్టుకొనబడినవి. అందలి ఇరువదిమంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరిరి. ఇట్లు పోవుట క్రొత్తది కాదు. ఒరిస్సాలోని పూరీ సముద్రపుటొడ్డున యాత్రికులను కెరటములనుండి కాపాడు నోలియాలు తెలుగు మాటలాడు జాలరులే. పూరీకి పోయిన మనవారు ఎవరైనను అలలలో చేయి పట్టుకొన్న నోలియాను తెలుగులో పలుకరించిన చాలు, “ఏ ఊరండీ మీది?” అని అడుగును.

జూన్ 14 రాత్రి విశాఖ, కాకినాడ, మచిలీపట్టణము, నిజాంపట్టణము రేవులలో ఎవరును నిద్రపోరు. రెండునెలలు ఒడ్డున నిలిపి రంగువేసిన పడవలలో ఐసు నింపుదురు, డీజిలు నింపుదురు, వలలు సరిచూతురు. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, ముంగొమ్మునకు పసుపు కుంకుమలు పూయుదురు. అప్పటికి మన తాండూరు పొలములలో కందివిత్తుకై నాగళ్లు, ట్రాక్టర్లు సిద్ధముగా నుండును. మిరుగునాటి చేపముళ్లు పెరటిలో ఏనాడో పిల్లి తినివేసి యుండును. అర్ధరాత్రి గడియారము పన్నెండు కొట్టగానే మొదటి ఇంజను మ్రోగును, దాని వెనుక నూరు ఇంజనులు. తెల్లవారుజామునకు రేవు ఖాళీ. గంపలు, తట్టలు ముందు పెట్టుకొని స్త్రీలు ఇసుకలో కూర్చుండి తూర్పువైపు చూచుచుందురు.